తలుపు కింద రాలే పొడి: ఎంఎస్‌లో రక్త పరీక్షలు, వైకల్యం

ప్రపంచ ఎంఎస్ దినం సందర్భంగా హైదరాబాద్‌లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారు, వారి కుటుంబ సభ్యులు కలిసిన సభలో ఒక న్యూరాలజిస్ట్ చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వీల్‌చైర్లలో ఉన్నవాళ్లకు తెర సరిగా కనిపించడం లేదని ఇప్పుడే చెప్పారు. ఫరవాలేదు, నా దగ్గర బొమ్మలు తక్కువ, మాటలే ఎక్కువ. వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, ఆపి మళ్లీ చెబుతాను. మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే మొహమాటపడకండి. బాత్రూమ్ దగ్గరలో ఉండేలా చూసే ఈ హాలు తీసుకున్నారు. ఈ జబ్బుతో బతికేవాళ్ల అవసరాలు తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు ఇది. వాళ్లకు నా ధన్యవాదాలు.

కొన్ని నెలల కిందట ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. స్కూల్లో లెక్కల టీచరు, ఇంకా ముప్ఫై నిండలేదు. మూడేళ్ల కిందట ఒక కన్ను మసకబారడంతో ఎంఎస్ బయటపడింది. మాత్రలు వేసుకుంటోంది, ఆ తర్వాత పెద్దగా ఇబ్బంది పడలేదు. వాళ్ల అన్నయ్య విదేశంలో ఉంటాడు. చెల్లెలు తన దగ్గరకు వచ్చినప్పుడు అక్కడ ఎన్ఎఫ్ఎల్ అనే రక్త పరీక్ష చేయించాడు. ఆ అమ్మాయి రిపోర్టు నా టేబుల్ మీద పెట్టి, "మేడమ్, ఇందులో 14 అని వచ్చింది. నాకు ఎన్నేళ్లకు వీల్‌చైర్ వస్తుంది?" అని అడిగింది. గొంతు వణకలేదు. ఇంటి దగ్గర ఆ ప్రశ్నను చాలాసార్లు తనలో తానే అడుగుకుని వచ్చిందని అర్థమైంది.

ఆ రోజు ఓపీ రద్దీలో ఆమెకు పూర్తిగా చెప్పలేకపోయాను. తర్వాత విడిగా పిలిచి చెప్పాను. అదే ఇవాళ మీ అందరికీ చెబుతాను. రక్తంలో కనిపించే ఒక అంకెకీ, మన కాళ్లూ చేతులూ చూపూ జ్ఞాపకం కోల్పోయేదానికీ మధ్య సంబంధం ఎంత? దాని మీద ఎంత దూరం ఆధారపడవచ్చు?

జబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలిసిందే. మెదడులో, వెన్నుపాములో నరాల పోగులకు కరెంటు వైరుకు ఉన్నట్టే ఒక తొడుగు ఉంటుంది. పేరు మైలిన్. మన రోగనిరోధక శక్తి పొరబడి ఆ తొడుగు మీద దాడి చేస్తుంది. 1868లో పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే వైద్యుడు ఈ జబ్బును స్పష్టంగా వర్ణించాడు. తర్వాత చాలాకాలం అందరి దృష్టీ తొడుగు మీదే ఉంది. తొడుగు కొంతవరకు మళ్లీ పెరుగుతుంది. అందుకే దాడి తర్వాత చూపు తిరిగొస్తుంది, కాలు మళ్లీ కదులుతుంది. మరి కొందరిలో తిరిగి ఎందుకు రాదు?

1998లో అమెరికాలో బ్రూస్ ట్రాప్ బృందం, చనిపోయిన ఎంఎస్ రోగుల మెదళ్లను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, తొడుగుతో పాటు లోపలి పోగులు కూడా తెగిపోతున్నాయని చూపించింది. దాడి జరిగిన చోట పడే మచ్చల్లో, అంటే మంట (వాపు) చురుగ్గా ఉన్న మచ్చల్లో, ఒక్కో ఘన మిల్లీమీటరులో 11 వేలకు పైగా తెగిన పోగులు కనిపించాయి. ఆవగింజకన్నా చిన్న చోటు అది. జబ్బు వచ్చి ఎంతో కాలం కానివాళ్లలో కూడా ఇలాగే ఉంది. తెగిన పోగు మళ్లీ అతకదు. మిగిలిపోయే వైకల్యంలో ఎక్కువ భాగం ఈ తెగిన పోగులదే.

ఇక రక్తం దగ్గరకు వస్తాను. నరాల పోగు లోపల దాన్ని నిలబెట్టే సన్నని ప్రోటీన్ దారాలుంటాయి, పందిరికి వెదురు గడల్లాగా. వాటిని న్యూరోఫిలమెంట్లు అంటారు. వాటిలో చిన్న ముక్క న్యూరోఫిలమెంట్ లైట్ చైన్, పొట్టిగా ఎన్ఎఫ్ఎల్. పోగు దెబ్బతిన్నప్పుడు ఈ ముక్కలు బయటికి వస్తాయి. ముందు మెదడు చుట్టూ ఉండే నీటిలోకి, అక్కడి నుంచి కొద్దిగా రక్తంలోకి చేరతాయి. మీలో చాలామందికి వెన్నులో సూది గుచ్చి తీసిన నీరు ఇదే. ఆ నీటిలో ఉన్నదానితో పోలిస్తే రక్తంలో ఉండేది 40, 50 వంతుల్లో ఒక వంతే.

ఎంత తక్కువో చెబుతాను. దీన్ని పికోగ్రాముల్లో కొలుస్తారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకుల రక్తంలో ఒక మిల్లీలీటరుకు అలాంటివి పదిలోపే ఉంటాయి. పాత పద్ధతులకు అది అందేది కాదు. అందుకే ఏళ్ల తరబడి ఈ పరీక్ష వెన్ను నీటిలోనే జరిగింది, పరిశోధనశాల దాటి బయటికి రాలేదు. నెలనెలా వెన్నులో సూది వేయించుకొమ్మని ఎవరికి చెప్పగలం?

2010లో అమెరికాలో డేవిడ్ వాల్ట్ బృందం ఒక్కో ప్రోటీన్ అణువును విడివిడిగా లెక్కపెట్టే పద్ధతి ప్రచురించింది. దాని పేరు సిమోవా. అతి చిన్న అయస్కాంత పూసలు అణువులను పట్టుకుంటాయి. ఒక్కో పూస ఒక్కో సూక్ష్మమైన గుంతలోకి వెళ్తుంది. అణువును పట్టుకున్న పూస ఉన్న గుంత వెలుగుతుంది. రాత్రిపూట అపార్టుమెంటును దూరం నుంచి చూసి, లైటు వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టినట్టు ఆ యంత్రం వెలిగిన గుంతలను లెక్కపెడుతుంది. దీనితో మామూలుగా చేతినుంచి తీసిన రక్తం సరిపోయింది.

ఇక్కడ ఒక పోలిక చెబుతాను, ఇవాళంతా దాన్నే వాడతాను. మా ఊరి ఇంట్లో పాత టేకు తలుపు ఉండేది. ఒక వేసవిలో దాని కింద పిండిలాంటి పొడి కనిపించింది. అమ్మ ఊడ్చేసింది. మర్నాడు మళ్లీ పడింది. తలుపు చూస్తే బాగానే ఉంది, రంగు కూడా పోలేదు. నాన్న మాత్రం, "లోపల పురుగు తొలుస్తోంది" అన్నారు. ఎన్ఎఫ్ఎల్ ఆ పొడి. తలుపు ఎంత పోయిందో అది చెప్పదు. ఇప్పుడు తొలుస్తోందని చెబుతుంది, జోరు ఎంతో కొంత చెబుతుంది.

దీన్ని గట్టిగా పట్టుకోండి. మిగతా గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

ఎంఎస్‌లో వైకల్యాన్ని మేము ఒక స్కేలుతో కొలుస్తాం. జాన్ కర్ట్‌స్కే అనే అమెరికన్ న్యూరాలజిస్ట్ మొదట 1955లో తయారుచేసి, 1983లో విస్తరించాడు. ఈడీఎస్ఎస్ అంటారు. మీ ఫైళ్లలో ఆ అక్షరాలు చూసే ఉంటారు. 0 నుంచి 10 వరకు, అర పాయింటు చొప్పున పెరుగుతుంది. 4 దగ్గర ఉంటే సాయం లేకుండా, ఆగకుండా దాదాపు 500 మీటర్లు నడుస్తారు. 6 అంటే 100 మీటర్లు నడవడానికి ఒక చేతికర్ర కావాలి. 7 అంటే సాయం ఉన్నా దాదాపు 5 మీటర్లకు మించి నడవలేరు, వీల్‌చైర్ అవసరం. గమనించారా, 4 దాటాక ఈ స్కేలు దాదాపుగా నడకనే చూస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఒళ్లు తెలియని అలసట, పేరు గుర్తుకురాక మాట మధ్యలో ఆగిపోవడం, మూత్రం ఆపుకోలేక పెళ్లిళ్లకు వెళ్లడం మానేయడం, చపాతీ ఒత్తడానికి వేళ్లు పట్టు దొరకకపోవడం, ఇవన్నీ అందులో చాలా తక్కువగా కనిపిస్తాయి. ఇది స్కేలు లోపమే. డెబ్బై ఏళ్లుగా అది వాడుకలో ఉందంటే అంతకన్నా అందరికీ ఒప్పుకోలైనది ఇంకా రాలేదు కాబట్టి.

ఈడీఎస్ఎస్ తలుపును చూస్తుంది, ఎన్ఎఫ్ఎల్ పొడిని చూస్తుంది. రెండూ ఒకే అంకెలా కలిసి నడుస్తాయని ఎదురుచూస్తే నిరాశపడతాం. 2017లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఎంఎస్ ఉన్నవాళ్ల రక్తంలో ఎన్ఎఫ్ఎల్ ఆరోగ్యవంతులకంటే ఎక్కువగా ఉంది. దాడి ఈమధ్యే జరిగినవాళ్లలో, ఎంఆర్ఐలో కొత్త మచ్చలు ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ఈడీఎస్ఎస్ ఎక్కువ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువే, కానీ ఆ ముడి అంత బిగువైనది కాదు. కారణం ఊహించడం కష్టం కాదు. తలుపుకు బందు దగ్గర వేలెడంత చోటు పుచ్చితే చాలు, తలుపు ఊడిపోతుంది. పొడి మాత్రం చిటికెడే. అదే పలక మధ్యలో జానెడు పుచ్చినా తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంటుంది, పొడి మాత్రం దోసెడు. వెన్నుపాములో చిన్న మచ్చ మనిషిని నడవనివ్వకుండా చేస్తుంది. మెదడు పక్క భాగంలో పెద్ద మచ్చ ఏ లక్షణమూ లేకుండా ఉండిపోవచ్చు. చోటు ముఖ్యం. చోటు సంగతి రక్తం చెప్పదు. అందుకే ఎంఆర్ఐ మానేసి రక్త పరీక్షతో సరిపెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లకు లేదనే చెబుతాను.

మరి ఈ పొడి ఎందుకంత ముఖ్యం? రాబోయేదాన్ని ముందుగా పట్టిస్తుంది కాబట్టి.

అమెరికా సైన్యంలో చేరినవాళ్ల రక్తాన్ని క్రమం తప్పకుండా తీసి, కొంత దాచిపెడతారు. ఆ నిల్వలోంచి తర్వాత ఎంఎస్ వచ్చిన 60 మంది పాత నమూనాలను తీసి పరీక్షించి, ఫలితాలు 2020లో ప్రచురించారు. మొదటి లక్షణం కనిపించడానికి సుమారు 6 ఏళ్ల ముందే వాళ్ల రక్తంలో ఎన్ఎఫ్ఎల్, ఎంఎస్ రానివాళ్లకంటే ఎక్కువగా ఉంది. అంటే ఆ సైనికులు కవాతు చేస్తూ, పరుగులు తీస్తూ, తమకేమీ లేదనుకుంటున్న రోజుల్లో లోపల పోగులు తెగుతున్నాయి. నేను ఆ పేపర్ చదివిన రాత్రి నా రోగులు చాలామంది గుర్తొచ్చారు. "అంతకుముందు ఏమీ లేదు మేడమ్, ఒక్కసారిగా వచ్చింది" అని చెప్పినవాళ్లు.

అదే నిల్వ నుంచి 2022లో ఇంకో ఫలితం వచ్చింది. కోటి మందికి పైగా సైనికుల రికార్డుల్లో 955 మందికి ఎంఎస్ వచ్చింది. ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకిన తర్వాత ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరిగిందని తేలింది. ఆ వైరస్ సోకాకే ఎన్ఎఫ్ఎల్ పెరిగింది, ముందు కాదు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఈ పొడి చూసే చెప్పగలిగారు. ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదే, కాబట్టి దాన్ని తలుచుకుని టెన్షన్ పడాల్సిన పనిలేదు. సోకినవాళ్లలో అతి కొద్దిమందికే ఎంఎస్ వస్తుంది.

వైకల్యం విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది మరొకటి. అమెరికా, స్విట్జర్లాండ్ రోగులను ఏళ్లపాటు గమనించిన పరిశోధకులు 2023 చివర్లో చెప్పింది ఏమిటంటే, వైకల్యం ముదిరినట్టు మేము పరీక్షలో గుర్తించడానికి ఒకటి రెండేళ్ల ముందే చాలామందిలో ఎన్ఎఫ్ఎల్ పెరిగి ఉంది. దాడి లేకుండా మెల్లగా ముదిరినవాళ్లలో కూడా. ఒకటి రెండేళ్లు అంటే మందు మార్చడానికి చాలినంత సమయం. నా దగ్గర అలాంటి గంట మోగి ఉంటే కొందరికి మందు ముందే మార్చి ఉండేదాన్ని. ఈ మాట చెబుతుంటే నాకు కష్టంగానే ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి 14కు వద్దాం. 14 ఎక్కువా, తక్కువా? వయసు చెప్పకుండా ఎవరూ చెప్పలేరు. ఎన్ఎఫ్ఎల్ అందరిలోనూ వయసుతో పెరుగుతుంది. 50 దాటాక ఇంకా వేగంగా పెరుగుతుంది. బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో రక్తం పరిమాణం ఎక్కువ కాబట్టి అంకె కాస్త తగ్గి కనిపిస్తుంది. 2022లో బాసెల్ బృందమే 5,390 మంది నరాల జబ్బు లేనివాళ్ల నుంచి పది వేలకు పైగా నమూనాలు తీసి, ఏ వయసుకు ఎంత ఉండాలో ఒక పట్టిక తయారుచేసింది. పిల్లల బరువు చూసి, "ఈ వయసుకు ఇంత ఉండాలి" అని అంగన్‌వాడీ కార్డులో గీత చూపిస్తారు కదా, అలాంటిది. ఆ పట్టికతో పోల్చి వచ్చేదాన్ని జెడ్ స్కోరు అంటారు. అది 1.5 దాటినవాళ్లలో తర్వాతి ఏడాదిలో జబ్బు మళ్లీ కదిలే సంభావ్యత సుమారు 3 రెట్లు ఉందని వాళ్లు లెక్కగట్టారు. దాడి లేదు, కొత్త మచ్చ లేదు, అంతా ప్రశాంతం అనుకున్నవాళ్లలో కూడా రెండున్నర రెట్లకు పైగా ఉంది.

అరవై దాటినవాళ్లకు 14 వస్తే మామూలే. ముప్ఫై లోపు అమ్మాయికి 14 అంటే ఎక్కువే. నేను దాన్ని కొట్టిపారేయలేదు. ఎంఆర్ఐ చేయించాం. రెండు కొత్త మచ్చలు కనిపించాయి. ఆమెకు ఏ లక్షణమూ లేదు. మాత్రలు ఆపి మరింత బలమైన మందుకు మార్చాం. ఆరు నెలల తర్వాత అదే ల్యాబ్‌కు మళ్లీ రక్తం పంపితే అంకె సగానికి దగ్గరగా పడిపోయింది.

అయితే వీల్‌చైర్ ప్రశ్న? నేను ఆమెకు చెప్పింది ఇది: "అమ్మా, ఆ కాగితం మీద నీ వీల్‌చైర్ లేదు. ఈ ఏడాది నీ లోపల ఏం జరుగుతోందో ఉంది. అందుకు చేయాల్సింది చేశాం." మూడు రెట్లు అనేది వందల మందిని కలిపి చూసినప్పుడు వచ్చిన లెక్క. అంకె ఎక్కువ ఉండి కూడా ఆ ఏడాది ఏమీ జరగనివాళ్లు ఉన్నారు. తక్కువ ఉండి దాడి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒక మనిషి పదేళ్ల తర్వాత ఎలా నడుస్తుందో చెప్పే రక్త పరీక్ష ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎవరైనా ఉందని చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇంకో జాగ్రత్త. పొడి ఏ తలుపుదో పొడిని చూసి చెప్పలేం. తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా, మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్నా ఎన్ఎఫ్ఎల్ పెరుగుతుంది. మెదడులోనే కాదు, కాళ్లలో చేతుల్లో ఉండే నరాలు దెబ్బతిన్నా పెరుగుతుంది. ఇక్కడ షుగర్ ఉన్నవాళ్లు ఎంతమంది? చూశారా, ఎన్ని చేతులు లేచాయో. షుగర్ వల్ల అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉన్నవాళ్లకు ఈ అంకె ఆ కారణంగానే పెరగవచ్చు. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా పెరుగుతుంది. పైన చెప్పిన పట్టిక యూరప్, ఉత్తర అమెరికా వాళ్ల రక్తంతో తయారైంది. మన శరీరాలు, మన బరువులు, మన షుగర్ వేరు. మన దగ్గర ఎంఎస్ చాలా అరుదని ఒకప్పుడు అనుకునేవారు. మంగళూరులో డాక్టర్ లేఖా పండిట్ బృందం ఇల్లిల్లూ వెతికినట్టుగా లెక్క తీసి, లక్షకు 8 మంది దాకా ఉన్నారని చూపించింది. ఇంత జనాభాలో అది చిన్న సంఖ్య కాదు. మన ఆరోగ్యవంతుల రక్తంతో మన పట్టిక రావాలి. ఇక్కడ పెద్ద ఆసుపత్రుల్లో పనిచేసే నా తోటి వైద్యులు కొందరు కూర్చున్నారు, వాళ్లకు చెబుతున్నాను. రక్తం తీసిన ప్రతిసారీ అనుమతి అడిగి ఒక చిన్న గొట్టం ఫ్రీజర్‌లో పెట్టించండి. అమెరికా సైన్యం ఏళ్ల కిందట దాచిన గొట్టాలే ఇవాళ మనకు ఇంత చెబుతున్నాయి.

దాడులు లేకుండానే మెల్లగా కాలు బరువెక్కుతున్నవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లను మేము చాలాకాలం సరిగా వినలేదు. "ఎంఆర్ఐ బాగుంది, కొత్త మచ్చలు లేవు, భయపడకండి" అని పంపించేవాళ్లం. వాళ్లకేమో పోయినేడు ఎక్కిన మెట్లు ఈ ఏడు ఎక్కడం కావట్లేదు. ఇలా దాడితో సంబంధం లేకుండా ముదరడం, చివరి దశలోనే కాదు, మొదటి నుంచీ ఉంటుందని గత పదేళ్లలో తేలింది. ఇలాంటివాళ్లలో పొడి పెద్దగా రాలదు. మంట పెద్దది కాదు, నిప్పు కణికలాగా లోలోపల ఉంటుంది. అక్కడ ఇంకో ప్రోటీన్ మీద ఆశ పెట్టుకున్నారు. దాని పేరు జీఫాప్. మెదడులో నరాలకు అండగా ఉండే నక్షత్రాల్లాంటి కణాలుంటాయి, ఆస్ట్రోసైట్లు అంటారు. అవి దెబ్బతిన్నా, మచ్చ కట్టే పనిలో పడ్డా జీఫాప్ రక్తంలో పెరుగుతుంది. 2023లో వచ్చిన బాసెల్ అధ్యయనంలో ఎన్ఎఫ్ఎల్ అప్పటికప్పుడు జరిగే మంటను ఎక్కువగా చూపిస్తే, జీఫాప్ ఈ నెమ్మదైన ముదురును ఎక్కువగా చూపించింది. రెండూ ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడాలి. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది, మీరు ల్యాబ్‌కు వెళ్లి అడగాల్సిన పరీక్ష కాదు. కానీ నాకు ఇందులో శాస్త్రం కంటే ముందు ఒక ఊరట కనిపిస్తుంది. "నాకు తగ్గిపోతోంది" అని చెప్పిన మనిషి మాట నిజమని ఒక రక్తపు చుక్క కూడా ఒప్పుకుంటోంది.

సరే, విదేశాల మాట పక్కన పెట్టి, ఇవాళ మనకు అందుబాటులో ఉండి, వైకల్యాన్ని నిజంగా తప్పించగల ఒక రక్త పరీక్ష చెబుతాను. ఆక్వాపోరిన్ 4 యాంటీబాడీ. 2004లో మేయో క్లినిక్‌లో వాండా లెన్నన్ బృందం దీన్ని కనిపెట్టింది. ఎంఎస్‌లాగే కనిపించే ఎన్ఎంఓ అనే జబ్బును ఇది వేరు చేసి చూపిస్తుంది. రెండు కళ్లు ఒకేసారి దెబ్బతినడం, వెన్నుపాములో పొడవాటి మచ్చ, ఆగని వెక్కిళ్లు, వాంతులు, ఇవి ఉంటే ఎన్ఎంఓ అనుమానించాలి. ఒక్క దాడిలోనే చూపు పూర్తిగా పోవచ్చు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఎంఎస్‌కు ఇచ్చే కొన్ని మందులు, ఇంటర్‌ఫెరాన్ లాంటివి, ఎన్ఎంఓను ఇంకా ముదిరిస్తాయి. మీలో ఎవరికైనా ఇలాంటి లక్షణాలు ఉండి ఈ పరీక్ష చేయలేదంటే, వచ్చే అపాయింట్‌మెంట్‌లో మొదట దీని గురించే అడగండి.

ఇప్పుడు ప్రశ్నలు. ముందు వరుసలో అన్నగారికి మైకు ఇవ్వండి.

ఆయన భార్యకు ఎంఎస్ అట. ఎండాకాలంలో ఆమె కాళ్లు పూర్తిగా పడిపోతాయి, సాయంత్రానికి మళ్లీ తేరుకుంటుంది, అప్పుడు ఈ రక్త పరీక్ష చేయిస్తే దాడో కాదో తెలుస్తుందా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఒళ్లు అలిసేలా శ్రమపడితే చూపు కాసేపు మసకబారుతుందని 1890లోనే ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు రాశాడు. అందుకు కారణం ఒళ్లు వేడెక్కడమేనని తర్వాత తెలిసింది. తొడుగు పోయిన పోగుల్లో ఒళ్లు వేడెక్కితే సంకేతం ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ నడుస్తుంది. కొత్తగా తెగింది ఏమీ లేదు. చల్లటి గుడ్డ, ఫ్యాను, నీడ, అంతే. లక్షణం 24 గంటలు దాటి అలాగే ఉంటే, జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేవని చూసుకుని, అప్పుడు దాడి అనుకోవాలి. అప్పుడు కూడా ఎన్ఎఫ్ఎల్ కోసం ఆగకండి. దాడి తర్వాత ఆ అంకె పెరగడానికి రోజులు, వారాలు పడుతుంది, పెరిగాక రెండు మూడు నెలలు అలాగే ఉంటుంది. ఫోన్ చేయండి, డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

ఎన్నిసార్లు చేయించాలి అని ఇంకో చీటీ వచ్చింది. మన దగ్గర ఇది ఇంకా రోజువారీ పరీక్ష కాలేదు. చేయించే అవకాశం ఉంటే ఒకసారి చేయించి ఊరుకుంటే ఉపయోగం తక్కువ. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి, అదీ ఒకే ల్యాబ్‌లో, ఒకే యంత్రం మీద. వేర్వేరు యంత్రాల అంకెలు ఒకదానితో ఒకటి పోల్చలేం. ఆ డబ్బుకు మందు ఆగిపోయే పరిస్థితి ఉంటే మాత్రం పరీక్ష వద్దు, మందు కొనండి.

వెనక నుంచి అమ్మ అడుగుతున్నారు, కాస్త గట్టిగా చెప్పండమ్మా. వాళ్ల కూతురు వికలాంగుల సర్టిఫికెట్ కోసం వెళ్తే, "నడిచే వచ్చావు కదా, నీకేమైంది" అన్నారట. ఈ రక్త పరీక్ష చూపిస్తే నమ్ముతారా అని అడుగుతున్నారు.

అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. ఇలాంటివి నేను చాలాసార్లు విన్నాను. కానీ ఈ విషయంలో నా జవాబు గట్టిగా ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. 40 శాతం వైకల్యం ఉంటే ఆ చట్టం ఇచ్చే వెసులుబాట్లు మీ అమ్మాయికి రావాలి. ఆ శాతాన్ని ఆమె ఏం చేయగలుగుతోంది, ఏం చేయలేకపోతోంది అన్నది చూసి ఇవ్వాలి. రక్తం చూసి కాదు. ఎందుకో చెబుతాను. ఇక్కడ వీల్‌చైర్లలో ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బు ఏళ్ల కిందటే చురుకు తగ్గింది. ఇవాళ వాళ్ల ఎన్ఎఫ్ఎల్ చూస్తే మామూలుగానే ఉండవచ్చు. తలుపు ఊడిపోయి ఏళ్లయింది, ఇంక రాలడానికి పొడి ఎక్కడిది? రక్తంలో అంకె బాగుంది కాబట్టి వైకల్యం లేదని ఒక కాగితం మీద రాసే రోజు వస్తే, అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది వాళ్లే. ఆ దారి మనం తెరవకూడదు. ఇటు చూస్తే, అంకె ఎక్కువ ఉన్న ఇరవై అయిదేళ్ల కుర్రాడిని, ఇంకా ఏ వైకల్యమూ లేనివాడిని, ఆ కాగితం చూసి ఉద్యోగంలోకి తీసుకోని రోజు రాకూడదు. ఇన్సూరెన్స్ ఇవ్వని రోజు రాకూడదు. ఈ అంకె మీకూ మీ డాక్టర్‌కూ మధ్య, మందు నిర్ణయానికి పనికొచ్చేది.

సర్టిఫికెట్ కోసం చేయాల్సింది వేరు. ఈ రోజు నుంచి నెల రోజులు ఒక నోటుబుక్కులో రాయించండి. పొద్దున ఎంత దూరం నడిచింది, ఎక్కడ కూర్చుంది, మధ్యాహ్నం ఎంత దూరం నడిచింది. రోజుకు ఎన్నిసార్లు బాత్రూమ్‌కు పరిగెత్తింది, ఎన్నిసార్లు అందుకోలేకపోయింది. ఏ పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది, గ్లాసు ఎన్నిసార్లు జారింది. దానితోపాటు ఎంఆర్ఐలు, పాత డిశ్చార్జి కాగితాలు తీసుకుని నా దగ్గరకు రండి. ఆమెను పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం అలసిపోయాక ఇంకోసారి నడిపించి, రెండు దూరాలూ కొలిచి, రెండూ రాసి సంతకం పెట్టి ఇస్తాను. మంగళవారాలు నాకు ఓపీ రద్దీ తక్కువ. ఆ రోజు రండి.